కొత్త చేప, కొత్త స్టార్‌ఫిష్ ట్యాంకులో వేసేటప్పుడు: అపోహలు - వాస్తవాలు

ఉప్పునీళ్ళ ట్యాంకులు చూసుకోవడమే నా పని. "అన్నా, నిన్ననే వేశా, పొద్దున్నకి పోయింది" అని ఫోన్ వస్తే నేను ముందు అడిగేది ఒకటే, బ్యాగులో నీళ్ళ ఉప్పు ఎంతుందో చూశావా అని. అవతల సైలెంట్.

అపోహ: బ్యాగుని పదిహేను నిమిషాలు ట్యాంకులో తేలేస్తే చాలు.

వాస్తవం: తేలేస్తే సమానమయ్యేది టెంపరేచర్ ఒక్కటే, ప్లాస్టిక్ దాటి ఉప్పు రాదు కదా. పగడాలున్న ట్యాంకులో ఉప్పు స్పెసిఫిక్ గ్రావిటీ లెక్కలో (మంచినీళ్ళు 1.000 అనుకుంటే ఈ నీళ్ళు ఎంత బరువో) 1.025, 1.026 దగ్గర ఉంటుంది, చాలా షాపుల్లో మాత్రం చేపల్ని 1.018, 1.020 దగ్గర ఉంచుతారు, పరాన్నజీవులు తగ్గుతాయని, పనిలో పనిగా ఉప్పూ మిగులుతుందని. తక్కువ ఉప్పు నుంచి ఎక్కువకి వెళ్ళడమే చేపకి అసలు కష్టం, ఎక్కువ నుంచి తక్కువకైతే బాగానే ఓర్చుకుంటుంది.

అపోహ: ఎంతసేపు డ్రిప్ పెడితే, అంటే బ్యాగు నీళ్ళలోకి ట్యాంకు నీళ్ళు చుక్కచుక్కగా వదిలితే, అంత మంచిది.

వాస్తవం: స్టార్‌ఫిష్‌కి అవును, దూరం నుంచి బ్యాగులో వచ్చిన చేపకి కాదు. గంటల తరబడి మూసిన బ్యాగులో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోతుంది, అలా పడిపోవడం వల్లే అందులో పోగైన అమ్మోనియా పెద్దగా విషం కాని అమ్మోనియం రూపంలో ఉంటుంది. మీరు మూతి విప్పగానే గ్యాస్ బయటికి పోయి పీహెచ్ లేస్తుంది, ఆ అమ్మోనియం కాస్తా విషంగా మారుతుంది, మనమేమో రెండు గంటలు అదే నీళ్ళలో దాన్ని కూర్చోబెట్టి ఎంత జాగ్రత్తగా చేస్తున్నామో అనుకుంటాం. ఇలాంటి చేపకి క్వారంటైన్ ట్యాంకు (కొత్త చేపని కొన్నాళ్ళు విడిగా ఉంచేది) నీళ్ళని ముందే బ్యాగు ఉప్పుకి సరిపడా కలిపి పెట్టుకోండి, టెంపరేచర్ కలవగానే బ్యాగు విప్పి చేపని అందులోకి మార్చేయండి, తర్వాత రోజుకి 0.001 చొప్పున మెల్లగా పెంచుకోవచ్చు. బ్యాగు నీళ్ళు మాత్రం ట్యాంకులో పోయకండి, అవి సింకులోకే.

అపోహ: చేప తట్టుకున్నది స్టార్‌ఫిష్ తట్టుకోదా ఏంటి?

వాస్తవం: పేరులో ఫిష్ ఉందిగానీ అది చేప కాదు. దానికి రక్తం లేదు, ఒళ్ళంతా తిరిగేది సముద్రపు నీరే, ఆ నీళ్ళ ఒత్తిడితోనే కింద ఉన్న వందలాది బుల్లి కాళ్ళు కదులుతాయి. చేపకి ఉప్పుని సర్దుకోడానికి మొప్పలూ కిడ్నీలూ ఉన్నాయి, దీనికి ఆ ఏర్పాటే లేదు, బయట నీళ్ళు ఎలా మారితే లోపలా అలాగే మారిపోతుంది.

నా మొదటి నీలం లింకియాని (అదో రకం నీలం స్టార్‌ఫిష్) నేనే చంపుకున్నా. ఉప్పు కొలిచే హైడ్రోమీటర్ ముల్లుకి గాలి బుడగ అంటుకుని రీడింగ్ పైకి చూపించింది, నేను చూసుకోలేదు, ట్యాంకూ బ్యాగూ ఒకటే అనుకుని నలభై నిమిషాల్లో దించేశా. మూడో రోజు ఒక చెయ్యి కొసన తెల్లటి మచ్చ, వారం తిరిగేసరికి ఆ చెయ్యి నానిన కాగితంలా ఊడొచ్చింది. అప్పటినుంచి రిఫ్రాక్టోమీటరే (ఒక్క చుక్కలో కాంతి వంగే తీరుని బట్టి ఉప్పు చెప్పేది), అదీ 35 పీపీటీ, అంటే వెయ్యికి 35 పాళ్ళు ఉప్పున్న ద్రావణంతో సరిచూసుకుని, ఎందుకంటే మంచినీళ్ళతో సున్నా చూపించినంత మాత్రాన 35 దగ్గర కరెక్ట్‌గా ఉంటుందని లేదు.

అపోహ: మూడు రోజులు బతికితే ఇక ఢోకా లేదు.

వాస్తవం: చేప సంగతి వేరు, స్టార్‌ఫిష్ వారాల తర్వాత కూడా కుంగిపోతుంది, చాలాసార్లు ఆకలితో. ఇసుక జల్లించే రకం చిన్న ట్యాంకులో ఉన్న పురుగూ పుట్రా అంతా తినేసి మాడిపోతుంది. చాక్లెట్ చిప్ రకానికి ఆ బాధ లేదు, అది మీ పగడాలే తింటుంది :) ఇక చేపలకి కాపర్ మందు వాడిన ట్యాంకులో ఏ స్టార్‌నీ వేయొద్దు.

కొనేటప్పుడు నీళ్ళలోనే వెల్లకిలా తిప్పించి చూడండి. కాళ్ళు కదిలిస్తూ తనంతట తాను బోర్లా పడితే తీసుకోండి. ఇంటికి తెచ్చాక బకెట్లో సన్న గొట్టంతో సెకనుకి రెండు మూడు చుక్కలు, తక్కువలో తక్కువ రెండు మూడు గంటలు, మధ్యలో నీళ్ళు చల్లారకుండా చిన్న హీటర్. నీళ్ళు రెట్టింపయ్యాక సగం పారబోసి మళ్ళీ చుక్కలు. గడియారం ఏం చెప్పినా సరే, బకెట్లోనూ ట్యాంకులోనూ ఒకే అంకె వచ్చేదాకా ఆగండి. తర్వాత డబ్బాలో నీళ్ళతో సహా ఎత్తి, డబ్బాని ట్యాంకులో ముంచి వదలండి, గాలి తగలనివ్వద్దు. ఆ రోజుకి లైట్లు ఆపేసి ఎటు పాకితే అటు పోనివ్వండి.