గృహప్రవేశం కార్డు మీద ఎర్రసిరా: పిల్లలకు ఒక ఉత్తరం

ఎర్రముక్కపల్లె, కడప

చిరంజీవులైన పిల్లలందరికీ తాత ఆశీస్సులు.

మీ పిన్నీ బాబాయీ కట్టుకున్న కొత్త ఇంటి గృహప్రవేశానికి మీరందరూ కూడి ఇంగ్లీషులో రాసిన ఆహ్వానపత్రం నిన్న నాకు చేరింది. దిద్ది పంపమన్నారు, దిద్దిన ప్రతిచోటా ఎందుకు దిద్దానో కూడా చెప్పమన్నారు. అందుకే ఎర్రసిరాతో గీతలు గీసి ఊరుకోకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ఇంగ్లీషు పంతులును కానని మీకు తెలుసు. ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఉన్న ఒక చిన్న ముద్రణాలయంలో మొదట కంపోజిటరుగానూ, తర్వాత ప్రూఫులు దిద్దేవాడిగానూ ముప్పై ఏండ్లకు పైగా పనిచేశాను. సీసపు అక్షరాలను అరలలో నుంచి ఒక్కొక్కటిగా ఏరి, తలకిందులుగా పేర్చి, వరుస కట్టే పని అది. తెలుగు గుణింతాలకూ ఒత్తులకూ గోడ నిండా అరలు కావలసివస్తే ఇంగ్లీషుకు రెండు పెట్టెలు సరిపోయేవి; పెద్ద బడి అక్షరాలు పై పెట్టెలో, చిన్నవి కింది పెట్టెలో ఉండేవి. ఆ అరలన్నింటిలోనూ నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఒక్కటే అర. అందులో ఉండేది అసలు అక్షరం కానే కాదు, అక్షరాల నెత్తిన వేలాడే కామా, అంటే అపాస్ట్రఫీ.

మీ కార్డులో నేను చేసిన దిద్దుబాట్లు తొమ్మిది. వాటిలో ఆరు ఈ గుర్తుకు సంబంధించినవే. కావలసినచోట మీరు పెట్టలేదు, అక్కరలేనిచోట పెట్టారు, ఒకచోట పెట్టవలసిన స్థలానికి ఒక అక్షరం అవతల పెట్టారు. ఇంగ్లీషు రాక ఈ తప్పులు చేశారని నేను అనుకోవడం లేదు. తెలుగు తరగతిలో మీరు రోజూ చేసే పనిని ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతున్నారు. సంధి విడదీయడమే ఆ పని.

‘శివోఽహమ్’ అన్న మాటను మీ అవ్వ పూజ పుస్తకంలో చూసే ఉంటారు. ఆ మధ్యలో ఎస్ అక్షరంలా వంకర తిరిగిన గుర్తును అవగ్రహం అంటారు. శివః, అహమ్ అనే రెండు మాటలు కలిసినప్పుడు రెండో మాట మొదటి అకారం కనిపించకుండా పోయింది, అది ఇక్కడ ఉండేది సుమా అని చెప్పడానికే ఆ గుర్తు. అపాస్ట్రఫీ చేసే పని కూడా అదే. ఆ పేరు గ్రీకు మాట నుంచి వచ్చింది. పక్కకు మళ్లడం అని దాని అర్థం. పదహారో శతాబ్దంలో ఫ్రెంచివారిని చూసి ఇంగ్లీషు ముద్రాపకులు దీన్ని తెచ్చుకున్నారు. పోయిన అక్షరం ఎక్కడ ఉండేదో అక్కడే దీన్ని పెట్టాలి.

ఇప్పుడు మీ కార్డులోని ‘డోంట్’ చూడండి. దయచేసి బహుమతులు తేవద్దని మీరు రాసిన వాక్యంలో ఆ మాటకు గుర్తే లేదు. మీలో ఎవరో తర్వాత పెన్సిలుతో దాన్ని ఓ అక్షరానికీ ఎన్ అక్షరానికీ మధ్య చేర్చి, అనుమానంతో మళ్లీ చెరిపివేసినట్టు కాగితం మీద ఆనవాలు ఉంది. అనుమానం మంచిదే, కానీ పొరపాటు ఎక్కడుందో చూడండి. డు, నాట్ అనే రెండు మాటలు అతుక్కున్నది ఓ అక్షరం దగ్గరే కనుక గుర్తు అక్కడ ఉండాలని మీకు తోచింది. ఇది అతుకుకు పెట్టే జిగురు కాదు. విడదీస్తే నాట్ అనే మాటలోని ఓ పోయిందని తెలుస్తుంది, కనుక ఎన్ అక్షరానికీ టి అక్షరానికీ మధ్యనే దాని చోటు. భోజనం వేళ రాసినచోట ‘ఓ క్లాక్’ అని రెండు ముక్కలు చేశారు. అది ‘ఆఫ్ ది క్లాక్’ అనే మూడు మాటల సంక్షేపం. ఓ తర్వాత ఉన్నదంతా కొట్టుకుపోయింది కాబట్టి ఓ పక్కన గుర్తు పెట్టి క్లాక్‌తో కలిపి రాయాలి. ‘వోంట్’ అనే మాట ఒక్కటి ఈ పద్ధతికి లొంగదు. విల్, నాట్ కలిస్తే ఓకారం ఎక్కడినుంచి వచ్చిందని మీకు సందేహం రావాలి. విల్ అనే మాటకు పాతకాలంలో ఓకారంతో పలికే మరో రూపం ఉండేది. అది విడిగా చచ్చిపోయి, ఈ సంధిలో మాత్రం బతికి ఉంది.

ఇక ‘ఇట్స్’ సంగతి. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు కూర్చోవాలి, ఎందుకంటే మీ కార్డులో ఇది రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ తప్పింది, పైగా ఒకదాని తప్పు రెండోదానికి ఒప్పు. ‘మిమ్మల్ని పిలవడం మాకు సంతోషం’ అనే మొదటి వాక్యంలో గుర్తు లేకుండా ఐ, టి, ఎస్ అని రాశారు. ‘ఇల్లూ దాని తోటా’ అన్నచోట టి తర్వాత గుర్తు పెట్టారు. చెవికి రెండూ ఒకటే. ఇలాంటి చిక్కు తెలుగులో లేదనుకోకండి. నా చిన్నప్పటి పుస్తకాల్లో అరసున్న ఉండేది. అరసున్న లేకుండా ‘ఏడు’ అంటే ఆరు తర్వాతి సంఖ్య. అరసున్నతో ‘ఏఁడు’ అంటే సంవత్సరం. పలుకుబడిలో తేడా ఎన్నడో పోయింది. అయినా సంవత్సరాన్ని బహువచనం చేస్తే మన కడపలో ఏమంటాం? ‘పదేండ్లు’ అంటాం. దాగిన సున్న బయటికి వచ్చిందా లేదా? ఏడు రోడ్లను మాత్రం ఎవరూ ఏండు రోడ్లు అనరు. దాగినదాన్ని బయటికి లాగి చూడటమే పరీక్ష.

ఇంగ్లీషులోనూ అంతే. ‘ఇట్స్’ రాయవలసిన ప్రతిచోటా దాన్ని విప్పి ‘ఇట్ ఈజ్’ అనిగానీ ‘ఇట్ హ్యాజ్’ అనిగానీ చదవండి. వాక్యం నిలబడితే అక్షరం పోయినట్టే, గుర్తు పెట్టండి. ‘ఇల్లూ, అది ఉంది తోటా’ అని వికారంగా వినబడితే అది ‘దాని’ అనే మాట, గుర్తు పెట్టవద్దు. నా, మీ, వాడి, దాని అనే అర్థాలిచ్చే సర్వనామాలకు ఇంగ్లీషులో ఈ గుర్తు ఎప్పుడూ రాదు. ‘వాడి’ అనే అర్థమున్న ‘హిజ్’ కూడా ఎస్ అక్షరంతోనే ముగుస్తుంది కదా, దాని మధ్యలో ఈ గుర్తు పెట్టినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ‘ఇట్స్’ దానికి తోబుట్టువు అనుకోండి. ‘యువర్’ విషయం కూడా ఇంతే: ‘మీ’ అయితే గుర్తు లేదు, ‘మీరు ఉన్నారు’ అనే అర్థంలో ‘యూ ఆర్’ కుదించినప్పుడు మాత్రం ఉంది.

సర్వనామానికి అక్కరలేని గుర్తు నామవాచకానికి ఎందుకని మీరు అడుగుతారు. తెలుగులో ఇల్లు ఇంటి అవుతుంది, ఊరు ఊరి అవుతుంది, పిల్లలు పిల్లల అవుతుంది. మాటే రూపు మార్చుకుంటుంది. పాత ఇంగ్లీషులోనూ చాలా మాటలకు చివర ‘ఎస్’ అనే పూర్తి విభక్తి, అంటే ఈ, ఎస్ అనే రెండు అక్షరాలు చేరేవి. రాజుకు ‘క్యునింగ్’ అయితే రాజుయొక్క అనడానికి ‘క్యునింగెస్’. కాలక్రమంలో ఆ ‘ఈ’ అనే అక్షరం జారిపోయింది, జారినచోట ఈ గుర్తు వచ్చి కూర్చుంది. కనుక ఇదీ అవగ్రహమే.

పిల్లల ఆటలు అని చెప్పదలచి ‘చిల్డ్రన్స్’ అనే మాటలో గుర్తును చిట్టచివర, ఎస్ తర్వాత పెట్టారు. సొంతదారు ఎవరో ముందు పూర్తిగా రాయండి, ఆ తర్వాత గుర్తు పెట్టండి, అప్పటికి చివర ఎస్ లేకపోతే ఎస్ చేర్చండి. ఇక్కడ సొంతదారులు ‘చిల్డ్రన్’. చిల్డ్రన్స్ అనే బహువచనం లోకంలో లేదు కాబట్టి ఎన్ దాటగానే గుర్తు. బట్టల దుకాణాల మీద ‘మెన్స్ వేర్’ అని ఉంటుంది చూడండి, దానికీ ఇదే లెక్క. లేడీస్ టైలరు బోర్డు దగ్గర మాత్రం లెక్క మారుతుంది. ‘లేడీస్’ అనే బహువచనంలో ఎస్ ముందే ఉంది, కనుక గుర్తు దాని వెనక రావాలి. అలా కాక ‘లేడీ’ అనే ఏకవచనం పక్కన గుర్తు పెట్టి ఎస్ చేర్చితే ఆ టైలరు జీవితాంతం ఒకే ఒక్క ఆవిడకు జాకెట్లు కుడుతున్నట్టు అవుతుంది. శ్రీనివాస్ వంటి పేర్లకు గుర్తు తర్వాత మరో ఎస్ రాసేవారూ ఉన్నారు, రాయనివారూ ఉన్నారు; ఏదైనా తప్పు లేదు, ఒకే కాగితంలో రెండు రకాలుగా రాయకండి.

ఇప్పుడు కార్డు అడుగున ‘ది రావుస్’ దగ్గరికి వద్దాం. రావుగారి కుటుంబం అనే అర్థంలో రాసి, ఎస్ ముందు గుర్తు పెట్టారు. దాన్ని కొట్టివేస్తున్నప్పుడు నా చెయ్యి కొంచెం తడబడింది, ఎందుకంటే అచ్చంగా ఈ తప్పే నేను 1984లో చేశాను. ఒక రెడ్డిగారింటి పెళ్లికి మూడు వందల కార్డులు. వారు తెచ్చిన రాతప్రతిలో ‘ది రెడ్డీస్’ అని, వై అక్షరం పక్కన ఎస్ మాత్రమే చేర్చి సరిగానే ఉంది. పేరు పక్కన ఎస్ వస్తే నెత్తిన ఆ గుర్తు ఉండి తీరాలనే గుడ్డినమ్మకంతో నేనే దాన్ని చేర్చాను. మద్రాసులో చదువుతున్న వారి అబ్బాయి కార్డు చూసి, కోపం లేకుండా, “రెడ్డిగారి... ఏమిటి?” అని ఒక్క ప్రశ్న వేశాడు. నాకు జవాబు లేకపోయింది. కార్డులు మళ్లీ వేశాం, కాగితం ఖర్చు నేనే పెట్టుకున్నాను. అప్పటినుంచి ఎస్ ముందు గుర్తు కనబడితే ‘ఏమిటి?’ అని అడుగుతాను. రావుగారి ఇల్లు అయితే గుర్తు ఉండాలి. రావుగారు వాళ్లు పిలుస్తున్నారు అంటే అది ఒట్టి బహువచనం, మన ‘లు’ వంటిది. బస్సులు, ఎమ్మెల్యేలు అని రాసేటప్పుడు ‘లు’కు ముందు ఏ గుర్తూ పెట్టం కదా, ఇంగ్లీషులోనూ పెట్టకూడదు. ఇంకో మాట: వై అక్షరంతో ముగిసే మామూలు మాటలు బహువచనంలో ఐ, ఈ, ఎస్ అని మారినా, ఇంటిపేర్లు మారవు.

మన ఊళ్లో ‘టిఫిన్స్’, ‘ఫొటోస్’ అని రాసిన బోర్డుల మీద ఈ గుర్తును చూసి నవ్వుకోకండి. ఇంగ్లండులో కూరగాయల అంగళ్లవాళ్లు పలకల మీద ఇలాగే రాయడంవల్ల ఈ తప్పుకు ‘కూరగాయల వర్తకుల అపాస్ట్రఫీ’ అనే పేరే స్థిరపడింది. అంతకుముందు కాలంలో అచ్చుతో ముగిసే పరాయి మాటల బహువచనాలకు అక్కడి ముద్రాపకులే ఈ గుర్తు పెట్టేవారు. కాబట్టి మన టిఫిన్ల బోర్డు రాసినవాడికీ వంశవృక్షం ఉంది. ఊళ్ల పేర్ల విషయంలో మరీ తొందరపడి ఎర్రసిరా తీయవద్దు. లండన్ భూగర్భ రైలు మార్గంలో ‘ఎర్ల్స్ కోర్ట్’ స్టేషనుకు ఈ గుర్తు ఉంది, పక్కనే ఉన్న ‘బారన్స్ కోర్ట్’కు లేదు. 2009లో బర్మింగ్‌హామ్ నగరపాలకులు వీధి బోర్డుల మీద దీన్ని వాడబోమని తేల్చారు. అమెరికాలో స్థలనామాలు చూసే ప్రభుత్వ మండలి 1890లో ఏర్పడింది. సొంతదారును తెలిపే ఈ గుర్తును అది ఊళ్ల పేర్లలో ఒప్పుకోదు. ‘మార్థాస్ వినియార్డ్’ అనే ద్వీపం వంటి అయిదు చోట్లకే మినహాయింపు ఇచ్చింది.

మిగిలిన మూడు దిద్దుబాట్లు చిన్నవి. ‘మా బంధువుల్లో ఒకరు’ అనే అర్థంలో ‘వన్ ఆఫ్ అవర్ రెలటివ్’ అని ఏకవచనం రాశారు. తెలుగులో ‘బంధువులో ఒకరు’ అంటామా? అనం. ఇంగ్లీషు మాట చివర కూడా ఎస్ ఉండాలి. ‘రిప్లై బ్యాక్’లో రెండో మాట తీసేశాను, తిరిగి పంపడం రిప్లైలోనే ఉంది. మూడోది ‘అకామొడేషన్’. దూరం నుంచి వచ్చేవారికి బస ఉందని చెప్పినచోట ఎమ్ ఒక్కటే వేశారు. సి రెండు, ఎమ్ రెండు. తెలుగులో ద్విత్వం చెవికి వినిపిస్తుంది, అక్క వేరు, అక వేరు. ఇంగ్లీషు ఒత్తు కంటికే తప్ప చెవికి అందదు.

స్పెల్లింగుకు మాత్రం నా సంధి విద్య పనికిరాదని ఇక్కడ ఒప్పుకోవాలి. అప్పు అనే అర్థమున్న ‘డెట్’లో పలకని బి అక్షరాన్ని లాటిన్ మూలం గుర్తుకు రావాలని పండితులు చొప్పించారు. అంతెందుకు, నా సర్టిఫికెట్ల మీద మన ఊరి పేరు చూడండి. సి, యు, రెండు డి అక్షరాలు, చివర పలకని హెచ్, మొత్తం ఎనిమిది అక్షరాలు. తెల్లదొరల చెవికి కడప అలా వినబడింది. 1820లో ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చి, 1852లో నిఘంటువు అచ్చువేయించిన బ్రౌను దొర కాలంలోనూ ఇంగ్లీషులో అలాగే రాసేవారు. 2005లో ప్రభుత్వం దాన్ని కె అక్షరంతో మొదలయ్యే ఆరు అక్షరాలకు మార్చింది. మీ సర్టిఫికెట్ల మీద ఉన్నది అదే. రెండింటిలో ఏది ఒప్పు అంటే, ఆయా కాలానికి రెండూ ఒప్పే.

దిద్దిన కార్డును ఈ కవరులోనే పెడుతున్నాను. పదో తప్పు ఒకటి ఉంది, దాన్ని దిద్దలేదు. బండ్లు నిలపడానికి వేరే చోటు ఉందని రాసిన వరుసలో ‘సెపరేట్’ అనే మాటలో, నడుమ ఒక అచ్చు మారిపోయింది. పైకి చదివితే అది దొరకదు, విడదీసినా దొరకదు. మీ నాన్న బీరువా పై అరలో నిఘంటువు ఉంది, దాన్ని దించి చూసి, మీరే దిద్ది, శుక్రవారంలోగా అచ్చుకు ఇవ్వండి.

ఇట్లు,
మీ తాత