మూలకణాలు: కంటి ల్యాబ్‌లో పనిచేసే మనిషి చెప్పే అపోహలు, వాస్తవాలు

కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీది మూలకణాలను పెంచే ల్యాబ్‌లో పనిచేస్తానని చెబితే చాలామంది వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది: "అయితే మా అమ్మగారి మోకాళ్లకు కూడా అవి ఎక్కించవచ్చా?" అడగడంలో తప్పు లేదు. మూలకణం అంటే కొత్త కణాలను పుట్టిస్తూ ఉండే కణం (స్టెమ్ సెల్). ఆ ఒక్క పేరు కింద నిజమైన వైద్యమూ, సగంలో ఉన్న పరిశోధనా, పచ్చి వ్యాపారమూ కలిసిపోయి కనిపిస్తున్నాయి. వాటిని విడదీయడానికే ఇది రాస్తున్నాను.

అపోహ: మూలకణాలను ఒంట్లోకి ఎక్కిస్తే దెబ్బతిన్న చోటును అవే వెతుక్కుని, కావలసిన కణంగా మారిపోతాయి.

మారవు. పెద్దవాళ్ల శరీరంలో ఏ కణజాలపు మూలకణం ఆ కణజాలపు పనే చేస్తుంది. ఎముక మజ్జలోనివి రక్తాన్ని తయారుచేస్తాయి, చర్మంలోనివి చర్మాన్ని. కంట్లో నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే సన్నని అంచును లింబస్ అంటాం. కార్నియా పైపొరను జీవితాంతం కొత్తగా నేస్తూ ఉండే మూలకణాల కాపురం అక్కడే. అక్కడ పుట్టిన కణాలు మెల్లగా మధ్యకు జరుగుతాయి, పాతవి కన్నీళ్లలో రాలిపోతాయి.

తాంబూలంలోకి వాడే సున్నం చిన్న ప్లాస్టిక్ పొట్లాల్లో దొరుకుతుంది. పిల్లలు దాన్ని ఆటగా నొక్కుతారు, పొట్లం పగిలి సున్నం కంట్లోకి చిమ్ముతుంది. లింబస్ కాలిపోతే కార్నియాకు కొత్త కణాలు అందవు. తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకుతుంది, చూపు మసకబారుతుంది. నేత్రదానంలో వచ్చిన కార్నియాను అమర్చినా ఇలాంటి కంట్లో నిలవదు. పైపొరను పోషించే మూలకణాలే లేనప్పుడు కొత్త కార్నియా మీద కూడా అదే కథ మళ్లీ మొదలవుతుంది.

దీనికి దారి చూపినవారు ఇటలీ శాస్త్రవేత్తలు గ్రాజియెల్లా పెల్లెగ్రీని, మికేలే డి లూకా. బాగున్న కంటి లింబస్ నుంచి మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల ముక్క తీసుకుని, ల్యాబ్‌లో పొరగా పెంచి, దెబ్బతిన్న కంటికి అమర్చినట్లు 1997లో ప్రకటించారు. ఆ పద్ధతి మీద వచ్చిన హోలోక్లార్ అనే చికిత్సకు 2015లో ఐరోపాలో అనుమతి దొరికింది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఈ కణాలను ఉమ్మనీటి సంచి పొర మీద పెంచేవారు. తర్వాత అక్కడే వీరేందర్ సాంగ్వాన్, ఆయన సహచరులు ల్యాబ్ అవసరమే లేని పద్ధతిని రూపొందించి 2012లో ప్రచురించారు. దాని పేరు స్లెట్.

చేసే పని చూస్తే ఎంత సాదాగా ఉంటుందో! బాగున్న కంటి నుంచి సుమారు 2 మిల్లీమీటర్ల లింబస్ ముక్క తీస్తారు. దెబ్బతిన్న కార్నియా మీద పాకిన పొరను ఒలిచేసి, ఉమ్మనీటి సంచి పొరను పరిచి జిగురుతో అంటిస్తారు. తెచ్చిన ముక్కను ఎనిమిదో పదో నలుసులుగా కోసి, సరిగ్గా మధ్యభాగాన్ని వదిలి చుట్టూ పేరుస్తారు. ఒక్కో నలుసు మీదా మరో చుక్క జిగురు, పైన మెత్తని కాంటాక్ట్ లెన్స్. అంతే. నారు నాటినట్లు నాటిన ఆ నలుసుల నుంచి కణాలు పాకి, కొద్ది వారాల్లో ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అదే సంస్థ 2016లో 125 కళ్ల ఫలితాలు ప్రకటించింది. వాటిలో 76 శాతం కళ్లకు పైపొర నిలిచింది. మిగిలినవాటికి నిలవలేదు. ఈ రెండు మాటలనూ రోగికి కలిపే చెప్పాలి.

రెండు కళ్లూ దెబ్బతిన్న పిల్లవాడి తల్లి "నా కంటి నుంచి తీసుకోండి" అంటుంది. తీసుకోవచ్చు. కానీ అవి పిల్లవాడి శరీరానికి పరాయి కణాలు కాబట్టి రోగనిరోధక శక్తిని అణిచే మందులు చాలాకాలం వాడాలి, ఫలితమూ అంత ఖాయంగా ఉండదు. ఆ తల్లికి ఈ మాట చెప్పడం మా పనిలో అన్నిటికంటే బరువైన పని.

అపోహ: నా కణాలే కదా, నాకేం హాని?

అమెరికాలోని ఫ్లోరిడాలో 2015లో ముగ్గురు వృద్ధ మహిళలకు పొట్ట కొవ్వు నుంచి తీసిన కణాలను రెండు కళ్లలోనూ ఒకే రోజు ఎక్కించారు. వయసుతో వచ్చే రెటీనా (కంటి లోపల వెనుక ఉండి వెలుగును పట్టే పొర) జబ్బు తగ్గుతుందని చెప్పి డబ్బు కూడా తీసుకున్నారు. ముగ్గురికీ ఉన్న చూపు చాలావరకు పోయింది, ఒకరు పూర్తిగా అంధులయ్యారు. అవి వాళ్ల సొంత కణాలే. రెటీనా పని వాటికి రాదు, ఉన్న చోట వాటికి పనీ లేదు.

దీని పక్కన జపాన్‌ను పెట్టి చూడండి. అక్కడి కంటి వైద్యురాలు మసాయో తకాహాషి బృందం 2014లో ఒక మహిళ చర్మకణాలను వెనక్కి మళ్లించి మూలకణాలుగా మార్చి, వాటి నుంచి రెటీనా కింది పొరను పెంచి ఒక కంటికి అమర్చింది. రెండో రోగి కోసం సిద్ధం చేసిన కణాల్లో జన్యుమార్పులు కనిపించగానే ఆ శస్త్రచికిత్సను ఆపేశారు. నా దృష్టిలో ఆపేసిన ఆ నిర్ణయం కూడా మొదటి శస్త్రచికిత్స అంత గొప్పదే.

అపోహ: మూలకణాలంటే పిండాన్ని చంపి తీసేవే.

మజ్జ, చర్మం, లింబస్ కణాలకు పిండంతో సంబంధం లేదు. జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనకా 2006లో నాలుగు జన్యువులతో ఎలుక చర్మకణాన్ని పిండదశ లాంటి స్థితికి తీసుకెళ్లారు. మరుసటి ఏడాది మానవ కణాలతోనూ అది సాధ్యమైంది. 2012లో ఆయనకు నోబెల్ వచ్చింది.

అపోహ: బొడ్డుతాడు రక్తం దాచిపెడితే బిడ్డకు జీవితాంతం బీమా.

కాన్పుకు ముందు, తల్లిదండ్రులు దేనికీ కాదనలేని సమయంలో, ఈ మాట అమ్ముతారు. బొడ్డుతాడు రక్తంలో రక్తాన్ని తయారుచేసే మూలకణాలు ఉన్న మాట నిజం. కానీ బిడ్డకు తలసేమియా అనే జన్యుపరమైన రక్తవ్యాధి ఉంటే ఆ లోపం దాచిన కణాల్లోనూ ఉంటుంది. అప్పుడు కావలసినవి కణాలు సరిపోలిన తోబుట్టువువో దాతవో. అందుకే ఇంట్లో ఇప్పటికే అలాంటి జబ్బున్న పిల్లలుంటే తర్వాతి కాన్పులో దాచడానికి అర్థం ఉంది, ఆ మాట రక్తవ్యాధుల వైద్యులతో మాట్లాడి తేల్చుకోవాలి. ఏ జబ్బూ లేని కుటుంబం సొంతానికి దాచుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సిఫారసు చేయడం లేదు. ఆ డబ్బు బిడ్డ టీకాలకూ తల్లి తిండికీ పెట్టమంటాను.

అపోహ: ఇంకొన్నేళ్లలో కిడ్నీ, కాలేయం ల్యాబ్‌లో తయారై వస్తాయి.

కణజాల ఇంజినీరింగ్‌లో ముందుగా గెలిచినవి ఏమిటో గమనించండి: చర్మం, కార్నియా పైపొర, మృదులాస్థి. అన్నీ పల్చనివి, లేదా సొంత రక్తనాళాలు అక్కరలేనివి. కణం రక్తనాళానికి 0.2 మిల్లీమీటర్ల కంటే దూరమైతే ఆక్సిజన్ అందడం కష్టం. కాబట్టి మందమైన అవయవాన్ని కట్టాలంటే ముందు దాని లోపలి నాళాల వల కట్టాలి. అసలు చిక్కు అక్కడే ఉంది. 2015లో జర్మనీలో పుట్టుకతో చర్మవ్యాధి ఉన్న ఒక బాలుడికి జన్యులోపం సరిచేసిన సొంత కణాలతో సుమారు 80 శాతం చర్మాన్ని కొత్తగా అమర్చారు. అది కూడా డి లూకా బృందం పెంచిన చర్మమే. దానికి వెనుక దశాబ్దాల పని ఉంది.

తొందరపడితే ఏమవుతుందో కూడా చూశాం. పావలో మాకియారినీ అనే సర్జన్ 2011 నుంచి స్వీడన్‌లో ప్లాస్టిక్ శ్వాసనాళాలకు మూలకణాలు పట్టించి ముగ్గురు రోగులకు అమర్చాడు. ముగ్గురూ చనిపోయారు. 2023లో అక్కడి అప్పీలు కోర్టు అతనికి జైలుశిక్ష వేసింది.

అపోహ: ప్రభుత్వ రిజిస్ట్రీలో నంబరు ఉందంటే అనుమతి ఉన్నట్లే.

ఆ నంబరు పరిశోధన నమోదైందని మాత్రమే చెబుతుంది. 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం, నిర్ణీత జబ్బులకు చేసే రక్త మూలకణాల మార్పిడి తప్ప మిగిలిన మూలకణ చికిత్సలన్నీ క్లినికల్ ట్రయల్‌లో (మనుషుల మీద నియమాల ప్రకారం చేసే పరీక్షలో) భాగంగానే జరగాలి. పరిశోధన ఖర్చు రోగి మీద వేయకూడదు. ఆటిజానికో, సెరెబ్రల్ పాల్సీకో లక్షలు కట్టమని అడుగుతున్నారంటే అది ట్రయల్ కాదు. లేచి వచ్చేయండి. అడగవలసిన ప్రశ్నలు మూడు: ఏ కణం? ఎక్కడి నుంచి తీశారు? నా ఒంట్లో అది చేయబోయే పని ఏమిటి? ఇక మోకాళ్ల విషయానికొస్తే, మీ రక్తం తీసి తిప్పి ఎక్కించే పీఆర్‌పీ ఇంజెక్షన్ ప్లేట్‌లెట్లదే, మూలకణాలది కాదు.

అపోహ: కంట్లో సున్నం పడితే నీళ్లు పోయకూడదు, మంట ఎక్కువవుతుంది.

దీనివల్ల పోయే కళ్లు చాలా ఎక్కువ. నీళ్లు పోయాలి, వెంటనే పోయాలి. నూనె, తల్లిపాలు, పసరు ఏవీ వద్దు. కుళాయి కిందో, చెంబుతోనో అరగంట ఆగకుండా కడగాలి. రెప్పలు విడదీసి పట్టుకోవాలి, ఎందుకంటే సున్నపు పలుకులు పైరెప్ప లోపల అంటుకుని లింబస్‌ను కాలుస్తూనే ఉంటాయి. కడిగిన తర్వాతే ఆసుపత్రికి బయలుదేరాలి. దారిలో కూడా సీసాతో నీళ్లు పోస్తూనే ఉండండి.