మగతగా ఉన్న క్యాన్సర్ రోగికి క్యాల్షియం పరీక్ష చేశారా?

క్యాన్సర్ ఉన్న మనిషి రోజంతా మగతగా పడుకుంటున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా జబ్బు ముదిరిందని ఇంట్లోవాళ్లు ఆశ వదులుకుంటారు. తొందరపడకండి. రక్తంలో క్యాల్షియం పెరిగినా ఇలాగే ఉంటుంది. దాహం, అతిమూత్రం, వాంతులు, మలబద్ధకం తోడైతే అనుమానం మరీ బలపడాలి. చాలాసార్లు మందులతో ఇది తగ్గుతుంది.

రిపోర్టు చూసి మోసపోయే అవకాశం ఉంది. రక్తంలోని క్యాల్షియంలో సుమారు 40 శాతం ఆల్బుమిన్ వంటి ప్రోటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది. చిక్కిపోయిన రోగిలో ఆల్బుమిన్ పడిపోతుంది కాబట్టి మొత్తం క్యాల్షియం కూడా తక్కువగా కనిపిస్తుంది. ఆల్బుమిన్ డెసిలీటరుకు 4 గ్రాముల కంటే ఎంత తక్కువుంటే అంతను 0.8తో గుణించి క్యాల్షియం అంకెకు కలపాలి. క్యాల్షియం డెసిలీటరుకు 10.4 మి.గ్రా., ఆల్బుమిన్ 2 గ్రా. అనుకుందాం. 10.4 మామూలే అనిపిస్తుంది, సరిచేస్తే 12. ఇదీ అంచనాయే. ప్రోటీన్లను అంటుకోకుండా విడిగా ఉన్న క్యాల్షియాన్ని కొలిచే అయనీకృత క్యాల్షియం పరీక్ష ఇంకా నమ్మకమైనది.

ఈ క్యాల్షియం ఎక్కువమందిలో తిండి నుంచి కాదు, ఎముకల నుంచి వస్తుంది. కణితి వదిలే పీటీహెచ్‌ఆర్‌పీ అనే ప్రోటీన్ ఎముకను కరిగిస్తుంది, మూత్రంలో క్యాల్షియం పోకుండా ఆపుతుంది, ఫాస్ఫేట్‌ను మాత్రం బయటికి పంపేస్తుంది. అందుకే ఒకటి పెరిగి రెండోది తగ్గుతుంది. పెరిగిన క్యాల్షియం వల్ల కిడ్నీలు నీటిని పట్టి ఉంచలేవు. ఒళ్లు ఎండిపోయేకొద్దీ అవి క్యాల్షియాన్ని మరింత వెనక్కి లాక్కుంటాయి.

కాబట్టి చికిత్స సెలైన్‌తో మొదలవుతుంది. గుండె, కిడ్నీలు బలహీనంగా ఉంటే దాని వేగం తగ్గించాలి. ఎముక కరగడాన్ని తగ్గించే కాల్సిటోనిన్ అనే హార్మోన్ మందు గంటల్లోనే పనిచేస్తుంది గానీ రెండు రోజులకే దాని పట్టు సడలుతుంది. ఎముక కరగకుండా ఆపే మరో మందు జోలెడ్రోనిక్ ఆమ్లం 4 మి.గ్రా. కనీసం 15 నిమిషాల పాటు నరంలోకి ఎక్కిస్తారు. దాని ఫలితానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది, అందుకే రెండూ కలిపి ఇస్తారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి దాని బదులు డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్ వాడవచ్చు. అయితే విటమిన్ డి లోపం ఉంటే ఆ తర్వాత క్యాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. బీపీకి వాడే థయాజైడ్ మాత్రలు, క్యాల్షియం మాత్రలు ఆపించాలి.

లుకేమియా (రక్త క్యాన్సర్), లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్)లకు కీమో మొదలుపెట్టాక ఇదంతా తలకిందులు కావచ్చు. ఒక్కసారిగా పగిలిన కణాల నుంచి ఫాస్ఫేట్ పొంగి, క్యాల్షియంతో కలిసి కిడ్నీల్లో గట్టిపడుతుంది. రక్తంలో క్యాల్షియం తగ్గుతుంది. తగ్గింది కదా అని వెంటనే క్యాల్షియం ఎక్కిస్తే ఆ గట్టిపడటం ఇంకా పెరుగుతుంది. కండరాలు బిగుసుకుపోవడం, ఫిట్స్, గుండె లయ తప్పడం వంటివి ఉంటేనే ఇస్తారు.