‘థీసిస్ అయ్యాక చూసుకుందాం’: పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ కెరీర్‌పై అపోహలు - వాస్తవాలు

ఆదివారం పూట నెల్లూరులో మా ఇంటికి స్కాలర్లు వస్తుంటారు. కొందరు కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీ నుంచి, కొందరు ఒంగోలు వైపు నుంచి. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పార్ట్‌టైమ్‌గా పీహెచ్‌డీ చేసేవాళ్లు ఇంకొందరు. రెండు గంటలు చాప్టర్ల గురించి, గైడ్ దిద్దుబాట్ల గురించి మాట్లాడతారు. లేచి చెప్పులు వేసుకునేటప్పుడు అసలు మాట బయటికొస్తుంది: “అక్కా, ఇది అయ్యాక ఏం చెయ్యాలి?”

నేను జువాలజీలో పీహెచ్‌డీ చేశాను. మూడేళ్లు పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్లు చేసే పరిశోధన ఉద్యోగం), ఆ తర్వాత రొయ్యల మేత తయారుచేసే ఒక కంపెనీ ల్యాబ్‌లో పనిచేశాను. ఎనిమిదేళ్లుగా స్కాలర్లకు, పోస్ట్‌డాక్‌లకు కెరీర్ విషయంలో దారి చూపడమే నా పని. గుమ్మం దగ్గర అడిగే ఆ ప్రశ్న మొదటి సంవత్సరంలోనే, కూర్చుని అడగాల్సింది. ఎందుకు అడగరు అని చూస్తే, నమ్మకంగా చెప్పుకునే కొన్ని మాటలు అడ్డొస్తున్నాయి.

అపోహ: ఇప్పటినుంచే ఉద్యోగం గురించి ఆలోచిస్తే రీసెర్చ్ మీద శ్రద్ధ లేనట్టే.

ఇది చాలామందిని భయపెడుతుంది. నేను స్కాలర్‌గా ఉన్న రోజుల్లో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చానని తెలిసి, మా డిపార్ట్‌మెంట్‌లో నెల రోజులు నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. తప్పు చేశానేమో అని నేను కూడా అనుకున్నాను.

వాస్తవం ఏంటంటే, లెక్క చూడండి. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవాళ్లకు మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అయ్యాక 42,000. ఇంటి అద్దె భత్యం వేరు. ఈ ఫెలోషిప్ మొత్తం కలిపి 5 ఏళ్లే. పని ఆరో ఏడాదిలోకి జరిగితే ఆ ఏడాది చేతికి ఏమీ రాదు. థీసిస్ ఇచ్చాక ఎగ్జామినర్ల రిపోర్టులు రావాలి, వైవా జరగాలి. ఆ నెలలూ అంతే. మనవాళ్లు ఉద్యోగం వెతకడం మొదలుపెట్టేది సరిగ్గా అప్పుడే, జేబు ఖాళీ అయ్యాక. అప్పుడు ఏ ఉద్యోగం దొరికితే అది పట్టుకుంటారు. ఫెలోషిప్ లేకుండా చేసేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

బ్రిటన్‌లో పరిశోధకుల కెరీర్ అభివృద్ధి కోసం యూనివర్సిటీలు కుదుర్చుకున్న ఒప్పందం ఒకటుంది. 2019లో సవరించిన ఆ ఒప్పందం ప్రకారం పరిశోధకులకు ఏడాదికి కనీసం 10 రోజులు సొంత ఎదుగుదల కోసం కేటాయించాలి. మన దగ్గర అలాంటి ఏర్పాటు ఎవరూ చేసిపెట్టరు కాబట్టి నెలకు ఒక పూట మీరే తీసి పెట్టుకోండి. ఆ పూట ల్యాబ్ పని వద్దు, చాప్టర్ వద్దు. ఏ నోటిఫికేషన్లు వచ్చాయి, వాటికి ఏం అడుగుతున్నారు, నా దగ్గర ఏం లేదు అని రాసుకోవడానికి మాత్రమే. ఇలా చేసినవాళ్ల రీసెర్చ్ దెబ్బతినడం నేను చూడలేదు. ముందు ఏముందో తెలిసినవాళ్లు చాప్టర్లు త్వరగా ముగిస్తారు.

అపోహ: పీహెచ్‌డీ చేస్తే లెక్చరర్ అవ్వాలి. లేకపోతే చదివిందంతా వృథా.

ముందు లెక్చరర్ ఉద్యోగం సంగతే చూద్దాం. 2023 జూలై 1 నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు కనీస అర్హత నెట్ లేదా సెట్ (జాతీయ, రాష్ట్ర స్థాయి అర్హత పరీక్షలు). పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. అయినా యూనివర్సిటీ పోస్టుల షార్ట్‌లిస్టుకు యూజీసీ 2018 నిబంధనల్లో ఇచ్చిన పట్టికలో పీహెచ్‌డీకి 30 మార్కులున్నాయి కాబట్టి దాని విలువ పోలేదు. అయితే పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో తెలియదు. ఆ ఒక్క దారి మీదే ఐదారేళ్ల జీవితం పెట్టకండి.

ఇక ‘వృథా’ అనే మాట. కొన్నేళ్ల క్రితం విడవలూరు వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. వనామీ రొయ్యల్లో ఈహెచ్‌పీ మీద థీసిస్. ఈ పరాన్నజీవి పట్టిన గుంటలో రొయ్య చచ్చిపోదు, పెరగదు. మేత ఖర్చు పెరుగుతూనే ఉంటుంది, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) మాత్రం రాదు. ఆమె రెజ్యూమేలో థీసిస్ టైటిల్ మూడు లైన్లు, కింద రెండు పేపర్లు, ఒక సెమినార్. అంతే. హ్యాచరీ మేనేజర్‌కి ఆ కాగితం చూపిస్తే ఏం అర్థమవుతుంది?

ఇద్దరం కూర్చుని, ఐదేళ్లలో ఆమె చేతులతో చేసిన పనులన్నీ రాశాం. మూడు సీజన్లు గుంటల నుంచి శాంపిళ్లు తెచ్చింది. పీసీఆర్ (జన్యు పదార్థం ద్వారా వ్యాధిని పట్టే పరీక్ష) తనే నడిపింది, మెషిన్ ఆగిపోతే ఎక్కడ తప్పుందో తనే పట్టుకుంది. మొదట గట్టు మీదికి కూడా రానివ్వని రైతులతో మాట్లాడి ఒప్పించింది. ఏ గుంటలో ఏ తేదీన ఏం వేశారో లెక్కలు రాసింది. జూనియర్లు ఇద్దరికి పని నేర్పింది. ఇవన్నీ పేజీ మీదికొచ్చాక అది వేరే మనిషి రెజ్యూమేలా కనిపించింది. సీడ్‌ని (రొయ్య పిల్లల్ని) పరీక్షించే ల్యాబ్‌లు, మేత కంపెనీలు, హ్యాచరీలు, ఎగుమతికి ముందు యాంటీబయాటిక్ అవశేషాలు చూసే ల్యాబ్‌లు ఇలాంటి మనిషి కోసమే వెతుకుతాయి. ఇప్పుడామె ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్ నడిపే బాధ్యతలో ఉంది. రీసెర్చ్ వదిలేసిందని నేను అనుకోను. రైతు తెచ్చిన శాంపిల్‌కి సాయంత్రంలోగా జవాబు చెప్పాలంటే ఐదేళ్లలో నేర్చుకున్నదంతా కావాలి.

సైన్స్ వాళ్లకే ఇది వర్తిస్తుందని అనుకోవద్దు. దర్శి దగ్గరి నుంచి వచ్చిన ఒక తెలుగు స్కాలర్ నాట్లప్పుడు ఆడవాళ్లు పాడే పాటలు రికార్డు చేసి, వాళ్ల మాట చెడకుండా అక్షరబద్ధం చేశాడు. “నాకు ఏ స్కిల్సూ లేవక్కా” అన్నాడు. మాట్లాడే భాషను తప్పుల్లేకుండా రాతలోకి తేవడం, మాండలికాల తేడా పట్టుకోవడం, వందల గంటల రికార్డింగులను వరసగా అమర్చడం స్కిల్ కాకపోతే మరేంటి? అనువాదం, ప్రచురణ, ఆర్కైవ్‌లు, కంప్యూటర్‌కి తెలుగు నేర్పే ప్రాజెక్టులు, అన్నిట్లో ఈ పని ఉంది.

కనిగిరి ప్రాంతం నీళ్లలో ఫ్లోరైడ్ మీద పనిచేసిన ఒక కెమిస్ట్రీ స్కాలర్ కొలత పరికరాల కాలిబ్రేషన్, రికార్డుల నిర్వహణ బాగా తెలిసినవాడు. ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే ఐఎస్‌ఓ 17025 ప్రమాణం అడిగేది కూడా అవే. చదివి, చిన్న కోర్సు చేసి, టెస్టింగ్ ల్యాబ్ వైపు వెళ్లాడు. సైన్స్, ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లు పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయొచ్చన్న సంగతి మా దగ్గరికొచ్చే పదిమందిలో ఒకరికైనా తెలియదు. అదీ ఒక దారి.

అపోహ: గైడ్ చూసుకుంటారు.

మంచి గైడ్ చాలా చేస్తారు. కానీ ఒక ప్రొఫెసర్ కింద 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ కింద 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ కింద 4 స్కాలర్ల దాకా ఉండొచ్చు. పైగా ఆయన నడిచిన దారే ఆయనకు తెలుస్తుంది. కంపెనీ ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో చెప్పమంటే ఆయన మాత్రం ఏం చెబుతారు? గైడ్‌తో పాటు ఇంకో ముగ్గురిని పెట్టుకోండి: మీ సబ్జెక్టులోనే వేరే యూనివర్సిటీలో ఉన్నవారు ఒకరు, బయట ఉద్యోగం చేస్తున్న పాత స్కాలర్ ఒకరు, మీకంటే రెండేళ్లు ముందున్నవారు ఒకరు. రికమండేషన్ లెటర్ కావాలంటే చివరి రోజు ఫోన్ చేయకుండా మూడు వారాల ముందు అడగండి. మీ రెజ్యూమే, ఆ ఉద్యోగ ప్రకటన, ఏ విషయాలు రాస్తే ఉపయోగమో నాలుగు లైన్లు కలిపి పంపండి.

అపోహ: ఎన్ని పేపర్లుంటే అంత మంచిది.

ఇందాక చెప్పిన 2018 పట్టికలోనే పేపరుకు 2 మార్కులు, గరిష్ఠంగా 10. అంటే ఆ షార్ట్‌లిస్టులో ఆరో పేపరుకు మార్కు లేదు. డబ్బు కడితే వారంలో అచ్చేసే జర్నల్‌లో పది పేపర్లు వేసుకుని, తర్వాత పోస్ట్‌డాక్ ఇంటర్వ్యూలో వాటి గురించి అడిగితే తల దించుకున్నవాళ్లను చూశాను. బాధేస్తుంది, ఆ డబ్బు చాలాసార్లు ఇంట్లో అప్పుచేసి తెచ్చింది. 2022 నిబంధనల్లో థీసిస్ ఇవ్వడానికి ముందు పేపరు వేసితీరాలన్న షరతు తీసేశారు. మీ యూనివర్సిటీ సొంత నియమం ఏంటో కనుక్కుని, తొందర లేకుండా ఒకటో రెండో మంచి పేపర్లు వేయండి. మంచి జర్నల్స్ ఏవో చెప్పే యూజీసీ కేర్ జాబితా కూడా 2025 ఫిబ్రవరిలో ఆపేశారు, కాబట్టి జర్నల్ మంచిచెడ్డలు ఇక మనమే తేల్చుకోవాలి. మంచి జర్నల్స్ చదవడానికి దొరకవనే మాటకు ఇప్పుడు బలం తగ్గింది: 2025 జనవరి 1న మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నల్స్ సుమారు 13,000 అందుతున్నాయి. లైబ్రరీలో లాగిన్ అడగండి.

అపోహ: పోస్ట్‌డాక్ అంటే విదేశమే. లేదా, ఉద్యోగం వచ్చేదాకా కూర్చునే చోటు.

మన దేశంలోనూ ఉన్నాయి. కేంద్ర ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసోసియేట్‌కు 2023 సవరణ ప్రకారం స్థాయిని బట్టి నెలకు 58,000, 61,000, 67,000 రూపాయలు. జాతీయ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది. దీన్ని మొదట పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ ఎస్‌ఈఆర్‌బీ ఇచ్చేది, ఇప్పుడు దాని స్థానంలో ఏఎన్‌ఆర్‌ఎఫ్ అనే సంస్థ వచ్చింది. దీనికి వయసు పరిమితి ఉంటుంది. ఎస్‌ఈఆర్‌బీ పెట్టింది 35 ఏళ్లు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 5 ఏళ్ల సడలింపు. ముప్పై నాలుగో ఏట థీసిస్ ఇచ్చి, ఇలాంటి ఫెలోషిప్ ఉందని ముప్పై ఆరో ఏట తెలుసుకున్న మనిషి మా ఇంట్లో కూర్చుని ఏడ్చాడు. ప్రకటన వచ్చినప్పుడు ఆ ఏటి నిబంధనలు పూర్తిగా చదవండి.

దరఖాస్తు మెయిల్ గురించి ఒక మాట. ‘రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ఇంట్రెస్టెడ్’ అని యాభైమంది ప్రొఫెసర్లకు ఒకటే మెయిల్ పంపితే యాభై మందీ తీసి అవతల పడేస్తారు. వాళ్ల ఈమధ్య పేపర్లలో ఒకటి నిజంగా చదవండి. అందులో మిగిలిన ప్రశ్న ఒకటి, దానికి మీకు తెలిసిన పద్ధతి ఎలా పనికొస్తుందో రెండు వాక్యాలు, మీ రెజ్యూమే. చాలు. థీసిస్ ఇవ్వడానికి తొమ్మిది, పది నెలల ముందే మొదలుపెట్టండి.

ఆఫర్ వచ్చిందని వెంటనే తలూపొద్దు. “మీ దగ్గర ఇంతకుముందు పోస్ట్‌డాక్ చేసినవాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారు?” “వెళ్లేటప్పుడు నా ప్రాజెక్టులో ఏ భాగం నాతో తీసుకెళ్లొచ్చు?” ఈ రెండూ ఆ ప్రొఫెసర్‌ని అడగండి. నేను మొదటిసారి అడగలేదు. రెండేళ్ల పని వేరేవాళ్ల పేరు మీద వెళ్లిపోయింది. ఇంకో సంగతి, పోస్ట్‌డాక్‌కు ముగింపు తేదీ పెట్టుకోవాలి. జర్మనీలో చట్టమే పీహెచ్‌డీ తర్వాత ఒప్పంద ఉద్యోగాలకు మామూలుగా 6 ఏళ్ల హద్దు పెట్టింది. ఇందాకటి 2018 పట్టికలో బోధన లేదా పోస్ట్‌డాక్ అనుభవానికి ఏడాదికి 2 మార్కులు, గరిష్ఠం 10. ఐదేళ్లు దాటాక కూర్చున్నా అక్కడ కలిసేదేమీ లేదు.

అపోహ: టెన్షన్ అందరికీ ఉండేదే, ఓర్చుకోవాలి.

ఓర్చుకోవద్దు. 2018లో 26 దేశాల్లో 2,279 మందిని, ఎక్కువ మంది పీహెచ్‌డీ విద్యార్థులే, అడిగి వేసిన అధ్యయనంలో డిప్రెషన్, ఆందోళన మామూలు జనం కంటే ఆరు రెట్లు కనిపించాయి. ఇష్టపడి జవాబిచ్చినవాళ్ల లెక్క అది, అందరికీ అంతే అని అర్థం కాదు. కానీ మీరు ఒంటరి కాదని మాత్రం తెలుస్తుంది. నిద్ర పట్టడం లేదు, ల్యాబ్ తలుపు చూస్తేనే భయమేస్తోంది అంటే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

అపోహ: పెళ్లయ్యి, పిల్లలు పుట్టాక ఆడపిల్ల పీహెచ్‌డీ ముగిసినట్టే.

2022 నిబంధనల్లో మహిళలకు గడువు మీద 2 ఏళ్లు అదనం, ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా. మధ్యలో ఆగినవాళ్లు మళ్లీ మొదలుపెట్టడానికి కేంద్ర సైన్స్ శాఖ వైజ్-కిరణ్ పథకాలున్నాయి, వాటిలో పీహెచ్‌డీకి, పోస్ట్‌డాక్‌కు వేర్వేరు భాగాలు. కాగితం మీద ఇంత ఉన్నా, అడ్డం పడేది ఎక్కువగా ఇంట్లోనే.

కోవూరు నుంచి వచ్చే ఒకమ్మాయికి రెండేళ్ల బిడ్డ. పెళ్లిళ్లకు వెళ్తే చుట్టాలు “ఏందమ్మా, ఇంకా చదవతానే ఉండావా?” అంటారు. అత్తగారు కూడా అదే మాట. ఒక ఆదివారం ఆవిడను కూడా తీసుకు రమ్మన్నాను. ఉపన్యాసం ఇవ్వలేదు. తెల్లకాగితం మీద నెలల వారీగా గీశాను: ఫెలోషిప్ ఏ నెల దాకా వస్తుంది, థీసిస్ ఏ నెలలో ఇవ్వాలి, ఏ రెండు నెలలు డబ్బు రాదు, ఏ పోస్టులకు ఎప్పుడు దరఖాస్తు, బిడ్డను ఎవరో ఒకరు చూసుకోవాల్సింది ఏ వారాలు. ఆవిడ ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, “ఈ ఆరు వారాలు నేను చూసుకుంటా, నవంబర్‌లో మాత్రం మా చెల్లెలింట్లో పెళ్లి ఉంది” అంది. ఆ నవంబర్ వారాన్ని డిసెంబర్‌కి జరిపి మళ్లీ గీశాం.