యాంటీబయాటిక్ విరేచనాలకు ఏ సూక్ష్మజీవి మందు?

యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడో, కోర్సు ముగిసిన కొద్ది వారాల్లోనో కొందరికి విరేచనాలు పట్టుకుంటాయి. చాలామందికి అవి వాటంతటవే తగ్గిపోతాయి. కానీ కొందరిలో, ముఖ్యంగా ఆసుపత్రిలో ఉన్న వృద్ధుల్లో, క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా పెద్దపేగులో విజృంభించి ప్రాణాల మీదికి తెస్తుంది. దీనికి విరుగుడుగా ప్రోబయోటిక్ (మేలుచేసే సజీవ సూక్ష్మజీవులున్న) గుళికలు రాయడం మామూలే అయినా, ఆ గుళికలో ఉన్న జీవి పేగులో ఏ లోటును పూడుస్తుందో అడిగేవారు తక్కువ.

ఆ లోటు ఎక్కడుందో పైత్యరసం చెబుతుంది. కాలేయంలో తయారైన పైత్యరస ఆమ్లాలు పేగులోకి దిగాక, అక్కడ స్థిరపడిన క్లోస్ట్రిడియం సిండెన్స్ వంటి కొన్ని బాక్టీరియాలు వాటి నిర్మాణాన్ని మార్చి డీఆక్సీకోలేట్ వంటి ద్వితీయ ఆమ్లాలుగా చేస్తాయి. మార్పు చెందని టారోకోలేట్ అనే పైత్యరస ఆమ్లం డిఫిసిల్ సిద్ధబీజాలను (స్పోర్లు, అంటే ఆ బాక్టీరియా గట్టి పెంకుతో నిద్రాణంగా ఉండే రూపం) మొలకెత్తిస్తుంది. డీఆక్సీకోలేట్ మొలకెత్తిన బాక్టీరియాను ఎదగనివ్వదు. యాంటీబయాటిక్ ఈ మార్పు చేసే జీవులను తుడిచిపెట్టేసరికి, నిద్రాణంగా ఉన్న సిద్ధబీజాలు లేచి, ఎ, బి అనే విషాలను వెలువరించి పేగు లోపలి పొరను దెబ్బతీస్తాయి. ఈ జబ్బుకు వాడే వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే బాక్టీరియా చస్తుంది గాని సిద్ధబీజాలు చావవు, పైగా మిగిలిన మేలు జీవులు కూడా నశిస్తాయి. జబ్బు నయమైన ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి అది తిరగబెట్టడానికి ఇదే ప్రధాన కారణం.

ఇప్పటి ప్రోబయోటిక్స్‌లో ఎక్కువ భాగం లాక్టోబాసిల్లస్, బైఫిడోబాక్టీరియం జాతులవే, పైన చెప్పిన పైత్యరసపు పని వాటిది కాదు. సాకరోమైసిస్ బౌలార్డి మాత్రం ఈస్ట్ కావడం వల్ల బాక్టీరియాను చంపే మందులు దాన్ని ఏమీ చేయవు. డిఫిసిల్ ఎ విషాన్ని ఛేదించే ఎంజైమును కూడా అది విడుదల చేస్తుంది. అయితే పెద్ద రక్తనాళంలో సెంట్రల్ లైన్ అనే గొట్టం అమర్చిన రోగి పక్కన ఆ పొడి పొట్లం విప్పితే, గాలిలోకి లేచిన ఈస్ట్ గొట్టం ద్వారా రక్తంలో చేరే ప్రమాదం ఉంది. హానిలేనిదన్న పేరున్న మందు విషయంలో ఇది మరువరాని సంగతి.

ఇక ఫలితాల మాట. 31 ప్రయోగాలను కలిపి 2017లో వెలువడిన కాక్రేన్ (వైద్య ప్రయోగాలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో ప్రోబయోటిక్స్ వాడకంతో డిఫిసిల్ విరేచనాలు 4 శాతం నుంచి 1.5 శాతానికి తగ్గాయి. కానీ బ్రిటన్‌లో దాదాపు 3,000 మంది వృద్ధ రోగులపై జరిగి 2013లో ప్రచురితమైన ప్లాసిడ్ ప్రయోగంలో యాంటీబయాటిక్ విరేచనాలు ప్రోబయోటిక్ తీసుకున్నవారిలో 10.8 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 10.4 శాతం. జాతులు, మోతాదులు, రోగులు వేరైన ప్రయోగాలను ఒకే సగటులోకి కుదించి ‘ప్రోబయోటిక్స్ పనిచేస్తాయి’ అనడం నా దృష్టిలో తొందరపాటే. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మాన్ సంస్థ పరిశోధకులు 2018లో ఇంకో చిక్కు చూపించారు: యాంటీబయాటిక్ తర్వాత 11 జాతుల ప్రోబయోటిక్ ఇచ్చినవారిలో సొంత సూక్ష్మజీవులు తిరిగి కుదురుకోవడం, ఏమీ ఇవ్వనివారిలోకన్నా ఆలస్యమైంది.

అందుకే కొత్త తరం మందులు పేగుకు చెందిన జీవులనే వాడుతున్నాయి. 2013లో నెదర్లాండ్స్ ప్రయోగంలో ఆరోగ్యవంతుల మలాన్ని శుద్ధిచేసి, డిఫిసిల్ జబ్బు తిరగబెట్టిన రోగుల పేగులోకి ఎక్కించగా 81 శాతం మందికి తొలి విడతలోనే నయమైంది. 2023లో అమెరికాలో అనుమతి పొందిన వోస్ట్ గుళికల తయారీలో, దాత మలాన్ని ఇథనాల్‌తో శుద్ధిచేసి, ఆ చర్యకు తట్టుకున్న మేలు బాక్టీరియాల సిద్ధబీజాలను మాత్రమే నింపుతారు. యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక, పేగులో మిగిలిన మందు ఆ జీవులను చంపకుండా ముందురోజు మెగ్నీషియం సిట్రేట్‌తో కడుపు ఖాళీ చేయించి, రోజుకు 4 చొప్పున 3 రోజులు ఇస్తారు. ప్రయోగంలో 8 వారాల లోపు జబ్బు తిరగబెట్టినవారు ఈ మందు తీసుకున్నవారిలో 12 శాతం, మిగతావారిలో 40 శాతం.

దాతపై ఆధారపడితే రోగకారకాల భయం పూర్తిగా పోదు. వీఈ303 అనే 8 జాతుల మిశ్రమం ఆ ఇబ్బంది లేకుండా, ప్రతి జాతినీ విడిగా పెంచి తయారుచేసింది. ఇవి ఆక్సిజన్ తగిలితే బతకలేని జీవులు కనుక పెంపకం నుంచి గుళికలో నింపేదాకా గాలి సోకకుండా చూడాలి. సాధారణ ప్రోబయోటిక్ తయారీకి ఇంత శ్రమ లేదు. ఏమైనా వోస్ట్‌కు అనుమతి దక్కింది 18 ఏళ్లు దాటినవారిలో జబ్బు మళ్లీ రాకుండా చూడడానికే, అసలు తొలిసారి రాకుండా ఆపడానికి కాదు.