చిన్న కథలు, పిల్లల రాత: అపోహలు - వాస్తవాలు

విశాఖలో చాలా ఏళ్లుగా హైస్కూలు పిల్లలకు తెలుగు చెబుతున్నాను. మినీ కథ, కార్డు కథ (పోస్టుకార్డు మీద పట్టేంత కథ), యాభై మాటల కథ... క్లాసులో ఇవి రాయిస్తానంటే తల్లిదండ్రులే కాదు, తోటి టీచర్లూ అడ్డు చెబుతారు. ఎక్కువగా వినిపించే మాటలు ఇవి.

అపోహ: చిన్నది కాబట్టి తేలిక.

వాస్తవం: రెండు పేజీల్లో నాలుగు వాక్యాలు వృథా పోయినా ఎవరూ పట్టించుకోరు. యాభై మాటల్లో ఒక్కటి వృథా అయినా తెలిసిపోతుంది. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు చేపల వేట నిషేధం. ఆ రోజుల గురించి జాలరిపేట నుంచి వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి కథ రాసింది. మొదటి కాగితంలో "చాలా బాధపడ్డాము" అని మూడుచోట్ల ఉంది. 'బాధ' అనే మాట లేకుండా రాయమ్మా అన్నాను. మూడోసారి ఇలా తెచ్చింది:

"నాన్న వల బాగుచేస్తున్నాడు. అమ్మ బియ్యం డబ్బా మూత తీసింది. మళ్లీ పెట్టేసింది. 'పొద్దున్న గట్టిగా తిన్నాం, ఇప్పుడాకలేటి?' అంది."

నేను చదివి కాసేపు మాట్లాడలేకపోయాను.

అపోహ: యాస రాస్తే దిద్దాలి.

వాస్తవం: "ఆకలేటి"ని "ఆకలి ఏమిటి" అని దిద్దితే ఆ అమ్మ గొంతు పోతుంది. మన ఊరి రావిశాస్త్రి కథలకు బలం ఇక్కడి జనం మాటే. వ్యాసంలో ప్రామాణిక భాష, కథలో పాత్ర మాట. చెబితే పిల్లలు ఈ తేడా ఇట్టే పట్టుకుంటారు.

అపోహ: కొసమెరుపు ఉండాల్సిందే.

వాస్తవం: అక్కర్లేదు. ఆ టెన్షన్‌తోనే పిల్లలు చివర్లో "ఇదంతా కల" అని రాసేస్తారు.

అపోహ: ఇంగ్లిష్‌లో పేరుపడ్డ ఆరు మాటల కథ ("అమ్మకానికి: పాపాయి బూట్లు, ఎప్పుడూ తొడగనివి") అమెరికా రచయిత హెమింగ్వే రాశాడు.

వాస్తవం: ఆధారం లేదు. ఆయన 1961లో చనిపోయిన చాలా ఏళ్లకు ఆ కథకు ఆయన పేరు తగిలించారు. ఆరు మాటలకు కుదించమని పిల్లల్ని నేను ఒత్తిడి చేయను.

అపోహ: ఇవి రాస్తే చాలు, రాత వచ్చేస్తుంది.

వాస్తవం: మాటను ఎంచుకోవడం, తీసేయడం, తిరగరాయడం వస్తాయి. కథను నడిపించడం, పాత్ర మెల్లగా మారడం రావు. అందుకు పెద్ద కథలు చదివించాలి, రాయించాలి. ఆ అమ్మాయి ఇప్పుడు అదే కథను నాలుగు పేజీలు చేస్తోంది. అప్పిచ్చినాయన వచ్చాడు, మేనత్త వచ్చింది. బియ్యం డబ్బా మాత్రం మొదటి పేజీలోనే ఉంది.