ఇంట్లో చేసుకునే గిటార్ పెడల్స్: అపోహలు - వాస్తవాలు

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు గిటార్ వాయించే తెలుగువాళ్లు చర్చి పాటలకో, మెలొడీ పార్టీలకో, పండగ పందిళ్లకో వాయిస్తారు. పెడల్ (గిటార్ నాదాన్ని మార్చడానికి కాలితో నొక్కే డబ్బా) సొంతంగా చేసుకుందామని కూర్చున్నవాళ్లలో చాలామంది మధ్యలోనే వదిలేస్తారు. కారణం చేతకాకపోవడం కాదు. డబ్బూ శ్రమా అంతా భాగాల పేర్ల మీద పోస్తారు, లోపమేమో బయాస్‌లోనో (ట్రాన్సిస్టర్ సరిగ్గా పనిచేయడానికి కుదిర్చే వోల్టేజి), అడాప్టర్‌లోనో, ఎర్త్‌లోనో, టంకంలోనో ఉంటుంది. కింద రాసినవన్నీ ఆ తేడాను పట్టుకోవడానికే.

అపోహ: మన ఊళ్లో భాగాలు దొరకవు, కిట్ తెప్పించుకోవాల్సిందే.

టీవీ, రేడియో, మైకుసెట్లు బాగుచేసే ఏ దుకాణంలోనైనా దొరికే సరుకుతో మొదటి పెడల్ పూర్తవుతుంది. మొదటిది బూస్టర్ (సిగ్నల్‌ను పెంచే పెడల్) అయితే మేలు. ఎలెక్ట్రో హార్మొనిక్స్ వారి ఎల్‌పీబీ-1 నమూనాలో ఒక్కటే ట్రాన్సిస్టర్, నాలుగు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, ఒక వాల్యూం కంట్రోల్. ట్రాన్సిస్టర్‌గా బీసీ549సీ చాలు, రెండు మూడు రూపాయల వస్తువు. కలెక్టర్, బేస్, ఎమిటర్ అనేవి దాని మూడు కాళ్లు. ప్లస్ నుంచి కలెక్టర్‌కి 10 కిలో ఓమ్‌లు, ప్లస్ నుంచి బేస్‌కి 470 కిలో ఓమ్‌లు, బేస్ నుంచి గ్రౌండ్‌కి 47 కిలో ఓమ్‌లు, ఎమిటర్ నుంచి గ్రౌండ్‌కి 390 ఓమ్‌లు. అసలు నమూనాలో 430, 43 ఉంటాయి. అవి చిన్న దుకాణాల్లో ఉండవు, నిష్పత్తి అదే కాబట్టి 470, 47 సరిపోతాయి. గిటార్ వైపు ఒకటి, కలెక్టర్ వైపు ఒకటి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు. దుకాణంలో '104' అని అడిగితే ఇస్తారు. చివర 100 కిలో ఓమ్‌ల కంట్రోల్. దాని మీద 'ఏ' అక్షరం ఉన్నదే తీసుకోండి. 'బీ' రకం పెడితే కొద్దిగా తిప్పగానే శబ్దం ఒక్కసారిగా పైకి లేస్తుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా మార్పు తెలియదు.

కరెంటు ఇచ్చాక కలెక్టర్ దగ్గర 4 నుంచి 5 వోల్టులు కనిపించాలి. 9 కనిపిస్తే ట్రాన్సిస్టర్‌లో కరెంటు పారడం లేదని అర్థం. చాలాసార్లు కాళ్లు తిరగబడి ఉంటాయి: బీసీ549, బీసీ547 లాంటివాటిని చదునైన వైపు మనకేసి, కాళ్లు కిందికి పెట్టి చూస్తే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. ఇంటర్నెట్ బొమ్మల్లో ఎక్కువగా కనిపించే 2ఎన్3904, 2ఎన్5088లకు దీనికి సరిగ్గా తలకిందులు. బొమ్మ చూసి బీసీ రకం పెట్టేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

అపోహ: జర్మేనియం ట్రాన్సిస్టర్ లేనిదే అసలు ఫజ్ రాదు.

ఫజ్ అంటే స్వరాన్ని గరుకుగా చీల్చి పలికించే పెడల్. 1966లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన ఫజ్ ఫేస్ మొదట జర్మేనియంతోనే వచ్చిన మాట నిజం. తర్వాత అదే కంపెనీ సిలికాన్‌తోనూ చేసింది. రెండింటి నాదం వేరు, రెండూ ఫజ్‌లే. పాత రేడియోలు విప్పి ఏసీ128 జర్మేనియం ట్రాన్సిస్టర్లు ఏరి దాచుకున్నవాళ్ల ఆసక్తిని మేం తగ్గించం, కానీ మన ఎండల సంగతి ముందు చెప్పాలి. జర్మేనియంలో లీకేజి కరెంటు (పారకూడనప్పుడూ కారే కరెంటు) సుమారు ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపు అవుతుంది. 25 డిగ్రీల గదిలో కుదిర్చిన పెడల్‌ను మే నెలలో 40 డిగ్రీల పందిట్లో పెడితే లీకేజి దాదాపు మూడు రెట్లు. బయాస్ జరిగిపోతుంది, స్వరం మధ్యలో తెగుతుంది, వాయించేవాడు తీగలు మార్చి చూసుకుంటాడు.

మల్టీమీటర్‌లో గెయిన్ (ట్రాన్సిస్టర్ ఎన్ని రెట్లు పెంచుతుందో) చూపే సాకెట్ జర్మేనియం విషయంలో అబద్ధం చెబుతుంది, లీకేజిని కూడా గెయిన్‌గా లెక్కేస్తుంది. సరైన పద్ధతి ఇది. ఏసీ128 పీఎన్‌పీ రకం (బీసీ549కి ప్లస్, మైనస్‌లు తలకిందులుగా ఉండేది) కాబట్టి ఎమిటర్‌ను 9 వోల్టుల ప్లస్‌కి, కలెక్టర్‌ను 2.2 కిలో ఓమ్‌లు, 270 ఓమ్‌లు వరసగా కలిపి మైనస్‌కి కట్టండి. బేస్ వదిలేసి, ఆ రెండు రెసిస్టర్ల మీద కలిపి వోల్టేజి చూడండి. అది లీకేజి. ఇప్పుడు బేస్ నుంచి మైనస్‌కి 2.2 మెగా ఓమ్‌లు పెట్టి మళ్లీ చూడండి. రెండో అంకెలోంచి మొదటిది తీసేసి 100తో గుణిస్తే అసలు గెయిన్. మొదట 0.5, తర్వాత 1.3 వస్తే గెయిన్ 80, లీకేజి సుమారు 200 మైక్రో ఆంపియర్లు. అంతకు మించి కారేదాన్ని పక్కన పెట్టడం మంచిది. కొలిచేటప్పుడు వేళ్లతో పట్టుకోకండి, ఒంటి వేడికే అంకె పెరుగుతూ పోతుంది.

ఫజ్ ఫేస్‌లోని రెండు ట్రాన్సిస్టర్లలో మొదటి స్థానంలో 70 దగ్గర, రెండో స్థానంలో 120 దగ్గర గెయిన్ ఉన్నవి బాగుంటాయి. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కి ఉండే 8.2 కిలో ఓమ్‌ల స్థానంలో 20 కిలో ఓమ్‌ల ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న కంట్రోల్) పెట్టి, కలెక్టర్ దగ్గర బ్యాటరీ వోల్టేజిలో సగం, అంటే 4.5 వచ్చేదాకా తిప్పండి. పీఎన్‌పీతో కట్టిన పెడల్‌లో గ్రౌండ్ ప్లస్ వైపు ఉంటుంది. దాన్ని మిగతా పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్‌కి వేస్తే అడాప్టర్ షార్ట్ అవుతుంది. దానికి విడిగా బ్యాటరీ పెట్టండి. ఇంత చాకిరీ వద్దనుకుంటే సిలికాన్‌తో కట్టుకోండి, ఎండాకాలమంతా ఒకేలా పలుకుతుంది.

అపోహ: ట్యూబ్ స్క్రీమర్ నాదమంతా ఆ జపాన్ 4558 చిప్‌లోనే ఉంది.

ట్యూబ్ స్క్రీమర్ అనేది ఐబనేజ్ వారి పేరున్న ఓవర్‌డ్రైవ్ పెడల్. చిప్ పేరు చూసి పదింతల ధర పెట్టేవాళ్లున్నారు. ఆ పెడల్ గొంతును తయారుచేసేది చిప్ చుట్టూ ఉన్న భాగాలు. ఫీడ్‌బ్యాక్‌లో డయోడ్లు, 51 కిలో ఓమ్‌లతో వరసగా 500 కిలో ఓమ్‌ల డ్రైవ్ కంట్రోల్, గ్రౌండ్‌కి 4.7 కిలో ఓమ్‌లు, 0.047 మైక్రోఫారడ్. ఈ చివరి రెండూ కలిసి 720 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తాయి. దానికి కిందున్న మంద్రానికి గెయిన్ తగ్గుతూ పోతుంది. ఆ పెడల్ మధ్యమ స్వరాలను ముందుకు తోస్తుందని అంటారే, అందులో ఎక్కువ వాటా దీనిదే. 0.047 తీసి 0.1 పెడితే గీత 340 దగ్గరికి దిగి నాదం బరువెక్కుతుంది, ఎవరి చెవికైనా తెలుస్తుంది. చిప్ మారిస్తే వచ్చే తేడా దీని ముందు చాలా చిన్నది. మైకుసెట్టు టోన్ కంట్రోల్ బోర్డుల్లో వాడే మామూలు 4558 పెట్టండి, టీఎల్072 అయినా అదే సాకెట్‌లో కూర్చుంటుంది.

ఖరీదైన కెపాసిటర్లు, పాతకాలపు కార్బన్ రెసిస్టర్ల సంగతి కూడా ఇంతే. సిగ్నల్ దారిలో పాలియెస్టర్ పెట్టె రకం కెపాసిటర్లు, అంతటా 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు వేస్తే చాలు.

అపోహ: 9 వోల్టుల అడాప్టర్ ఏదైనా పనిచేస్తుంది.

చాలా గిటార్ పెడల్స్‌లో నడిమి పిన్ను మైనస్. రౌటర్లకు, సీసీ కెమెరాలకు వచ్చే అడాప్టర్లలో ఎక్కువగా నడిమి పిన్ను ప్లస్, వోల్టేజి కూడా తరచు 12. కొన్న ప్రతి అడాప్టర్‌నూ ముందు మీటర్‌తో చూడండి: ఎర్ర ప్రోబ్ నడిమి రంధ్రంలో, నల్లది బయటి గొట్టానికి పెడితే అంకె ముందు మైనస్ గుర్తు కనపడాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాతరకం బరువైన అడాప్టర్ మీద 9 అని రాసి ఉన్నా, లోడ్ లేనప్పుడు 12 దాటి ఇవ్వగలదు. అందుకే ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటర్లు 25 వోల్టులవి వేయాలి. తిరగబడిన కరెంటు నుంచి కాపాడటానికి ప్లస్ దారిలో వరసగా ఒక 1ఎన్5817 డయోడ్ పెట్టండి, పోయేది పావు వోల్టు.

డబ్బా లోహంది అయితే డీసీ సాకెట్ ప్లాస్టిక్‌ది కావాలి. లోహపు సాకెట్ ఒళ్లు బయటి గొట్టానికి కలిసి ఉంటుంది, మన పెడల్స్‌లో బయటిది ప్లస్. డబ్బా ఏమో గ్రౌండ్. నట్టు బిగించగానే షార్ట్. సర్క్యూట్ అంతా సరిగ్గా కట్టి, చివరి నట్టు దగ్గర అడాప్టర్ పోగొట్టుకోవడం ఇలాగే జరుగుతుంది.

మొబైల్ చార్జర్ తరహా అడాప్టర్ కీచుమంటుంటే ప్లస్ దారిలో 100 ఓమ్‌లు వేసి, దాని తర్వాత గ్రౌండ్‌కి 100 మైక్రోఫారడ్లు కట్టండి. చిన్న పెడల్‌కి వోల్టేజి పెద్దగా తగ్గదు, కీచు చాలావరకు పోతుంది.

అపోహ: గుంయ్‌మనే మోత పోవాలంటే యాంప్లిఫయర్ ఎర్త్ పిన్ను తీసేయాలి.

దీన్ని మాత్రం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే: తీయకండి. పెడల్‌లో ఉండేది 9 వోల్టులే, దానితో ప్రాణభయం లేదు. కానీ గిటార్ తీగలు కేబుల్ ద్వారా యాంప్లిఫయర్ చాసిస్‌కి (లోహపు చట్రానికి) కలిసి ఉంటాయి. లోపల ఇన్సులేషన్ పాడై 230 వోల్టులు చాసిస్‌కి తగిలితే, ఎర్త్ ఉన్నప్పుడు ఫ్యూజు పోతుంది. ఎర్త్ పిన్ను తీసేస్తే ఆ కరెంటు తీగల మీదికి వచ్చి వాయించేవాడి ఒంట్లోంచి నేలకు దిగుతుంది. వానాకాలం పందిట్లో తడి నేల, ఒట్టికాళ్లు, పెదవులకు ఆనే లోహపు మైకు, ఇవన్నీ కలిస్తే ప్రాణం పోతుంది. తీగలు పట్టుకుంటే జివ్వుమంటున్నాయంటే ఆ రోజు వాయించడం ఆపి, ముందు ఎర్త్ చూడండి.

మోతకు అసలు కారణం చాలాసార్లు యాంప్లిఫయర్ ఒక ప్లగ్గులో, మైకుసెట్టు మిక్సర్ ఇంకో మూల ప్లగ్గులో ఉండటం. రెండింటినీ మంచి ఎర్త్ ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి. అప్పటికీ పోకపోతే వాటి మధ్య సిగ్నల్ దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (గ్రౌండ్లు కలవకుండా సిగ్నల్‌ను దాటించేది) వాడాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు కారితే వెంటనే సరఫరా ఆపే స్విచ్) ఉన్న బోర్డు వెంట తీసుకెళ్లడం ఖరీదైన పని కాదు. ఇక మోత పెడల్‌లోంచే వస్తుంటే డబ్బాను అనుమానించండి. ప్లాస్టిక్ డబ్బా ఏ అడ్డూ పెట్టదు. అల్యూమినియం డబ్బా దొరక్కపోతే చిన్న స్టీలు టిఫిన్ డబ్బా కూడా పనికొస్తుంది. జాక్ బిగించే చోట లోపలి రంగు గీకేసి, డబ్బాకీ జాక్ గ్రౌండ్‌కీ మధ్య మీటర్ సున్నా ఓమ్‌లు చూపేలా చూసుకోండి.

అపోహ: డిస్టార్షన్ తేనెటీగల్లా జుంయ్‌మంటోంది, పెడల్ చెడిపోయింది.

మన ప్రాంతంలో ఎక్కువ మందికి గిటార్ యాంప్లిఫయర్ ఉండదు. పెడల్ నుంచి నేరుగా మైకుసెట్టు మిక్సర్‌లోకి పోతుంది. గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదాన్ని తనంతట తానే కోసేస్తుంది, చాలా డిస్టార్షన్ పెడల్స్ ఆ కోతను నమ్ముకునే తయారయ్యాయి. మైకుసెట్టు హార్న్‌కు ఆ గుణం లేదు, ఉన్న గరుకంతా బయట పెడుతుంది. కాబట్టి ఆ కోత మనమే పెట్టాలి. డయోడ్లు దాటాక, వాల్యూం కంట్రోల్‌కు ముందు, సిగ్నల్ దారిలో 4.7 కిలో ఓమ్‌లు, అక్కడినుంచి గ్రౌండ్‌కి '682' కెపాసిటర్. ఆ వెంటనే 10 కిలో ఓమ్‌లు, గ్రౌండ్‌కి '332'. ఒక్కోటీ 5 కిలోహెర్ట్జ్ దగ్గర కోస్తుంది, రెండూ కలిస్తే ఇంకాస్త కిందికే. మరీ మూగబోతే '332' తీసి '222' వేయండి. ఇరవై రూపాయలు కూడా కాని ఈ నాలుగు ముక్కలతో చాలా పెడల్స్ 'బాగవుతాయి'.

పెడల్ ఆపినప్పుడు నాదం మొద్దుబారడం దీనికి తోడయ్యే ఇంకో సంగతి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటే గిటార్ పికప్ దాన్ని మోయలేదు, పైస్వరాలు పోతాయి. ముందు 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ ఉన్న టీఎల్071 బఫర్ (పికప్ మీద భారం వేయకుండా సిగ్నల్‌ను ముందుకు పంపే సర్క్యూట్) కావాలి. పైన చెప్పిన బూస్టర్ ఇందుకు పనికిరాదు, దాని ఇన్‌పుట్ 30 కిలో ఓమ్‌ల చుట్టుపక్కలే. ట్రూ బైపాస్ (పెడల్ ఆపితే సిగ్నల్ సర్క్యూట్‌ను తాకకుండా నేరుగా పోవడం) ఉంటే ఇవన్నీ అక్కర్లేదన్న నమ్మకం కూడా తప్పే. కేబుల్ మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు. 6 మీటర్లవి రెండు వేస్తే 1200 పికోఫారడ్లు పికప్ మీద పడతాయి. వరసలో ఒక బఫర్ ఉంటే ఆ భారం దిగుతుంది. ఫజ్ ఫేస్‌ను మాత్రం బఫర్‌కు ముందు, నేరుగా గిటార్‌కే తగిలించాలి.

అపోహ: పలకడం లేదంటే ట్రాన్సిస్టరో ఐసీయో కాలిపోయింది.

కొత్తగా కట్టినదానిలో అది అన్నిటికంటే అరుదు. ముందు వోల్టేజీలు చూడండి. 4558లో 8వ కాలికి 9, 4వ కాలికి 0, 1, 7 కాళ్లకు 4.5. 3వ కాలి దగ్గర 4.1 కనిపిస్తే కంగారు వద్దు: బయాస్ 1 మెగా ఓమ్ గుండా వస్తుంటే 10 మెగా ఓమ్‌ల మీటరే ఆ తేడా తెస్తుంది. ఇన్‌పుట్ 1 మెగా ఓమే ఉన్న చవక మీటరైతే సగమే చూపిస్తుంది. వోల్టేజీలు బాగుంటే, యాంప్లిఫయర్‌కి వెళ్లే కేబుల్ కొసకు ఒక '104' కెపాసిటర్ కట్టి, గిటార్ మోగిస్తూ దాని రెండో కాలితో ఇన్‌పుట్ నుంచి ఒక్కో చోటా తాకుతూ పొండి. శబ్దం ఎక్కడ ఆగితే లోపం అక్కడే.

తొమ్మిది కాళ్ల ఫుట్ స్విచ్‌ను వేడితో చంపేవాళ్లు ఎక్కువ. 350 డిగ్రీల దగ్గర ఒక్కో కాలికి రెండు మూడు సెకన్లకు మించొద్దు, ఒకటి చల్లారాకే పక్కది. నొక్కినప్పుడు టప్‌మంటే ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల నుంచి గ్రౌండ్‌కి చెరో 1 మెగా ఓమ్ వేయండి.

టంకం బాగా అంటడానికి డబ్బీల్లో అమ్మే ఫ్లక్స్ పేస్టు అద్దిన బోర్డు మీద ఒక కన్నేసి ఉంచండి. గోపాలపురం, సోనాపురం లాంటి సముద్రపు ఊళ్లలో ఆ జిడ్డు వానాకాలం తేమ పీల్చి పట్టాల మధ్య కరెంటును పారనిస్తుంది, వేసవిలో బాగా పలికిన ఫజ్ ఆషాఢంలో చిటపటలాడుతుంది. లోపల రోజిన్ నింపిన (రోజిన్ కోర్) 60/40 టంకం తీగ ఒక్కటే వాడి, పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత పళ్ల బ్రష్‌తో రుద్ది, బోర్డు పూర్తిగా ఆరాకే డబ్బా మూయండి.